మూడో తుమ్ము

“కళ్ళు తెరవకండి పెద్దమ్మా, కనుపాప బాగా విచ్చుకునేదాకా ఇలాగే కూర్చోవాలి,” అని చుక్కల మందు వేసి నర్సు వెళ్ళింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది గానీ నోరు మూసుకోలేదు, నోటికేమీ మందు వేయలేదు కదా. పక్క కుర్చీలో ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయనకు అప్పుడే మా వంశచరిత్ర సగం చెప్పేసింది. “మా వాడు పోలీసండీ. ఊరికే పోలీసు కాదు, మంచి పోలీసు. ఎక్కడో దూరాన డ్యామ్ దగ్గర కాపలాకి వేశారు, అక్కడ ఫోన్లు కూడా పలకవట. ఆ నీళ్ళని ఎవడెత్తుకుపోతాడో నాకైతే అర్థం కాదు,” అంటోంది. పెద్దాయన నవ్వబోయి తుమ్మాడు. “నూరేళ్ళు!” అంది అత్తయ్య వెంటనే. “ఎనభై ఇప్పటికే అయిపోయాయమ్మా,” అన్నాడాయన. “అయితే మరో నూరు!” అంది. ఎవరు తుమ్మినా అంతే. బస్సులో పరాయివాడు తుమ్మినా, టీవీలో వార్తలు చదివే అమ్మాయి తుమ్మినా, గోడమీద పిల్లి తుమ్మినా అత్తయ్య దీవెన ఇవ్వకుండా వదలదు.

డ్యామ్ మాట వచ్చినప్పుడల్లా నాకు లోపల ఒకటి కలుక్కుమంటుంది. డ్యామూ లేదు, కాపలా లేదు. ఆ డ్యామ్ కట్టింది మేమిద్దరం, నేనూ మా ఆయనా, ఒక సాయంత్రం వంటింట్లో కూర్చుని. అలా కట్టినదాన్ని కవర్ స్టోరీ అంటారట. నాకు వచ్చిన ఇంగ్లీషులో సగం అలాంటి మాటలే. ఎదురుగా గోడమీద కంటి పరీక్ష పలక వేలాడుతోంది, పైన ఏనుగంత అక్షరం, దిగేకొద్దీ చీమలంత అక్షరాలు, వాటిని చూస్తుంటే ఆయన పాఠాలు కంఠతా పట్టిన రోజులు గుర్తొచ్చాయి. వేషం మార్చి ముఠాల్లో కలిసిపోయే పనికి ఎంపికైన కొత్తలో పైనుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన అంతా ఇంగ్లీషులోనే చెప్పేవాడట. మా ఆయనకీ ఇంగ్లీషంటే నాకున్నంత పరిచయమే, ముఖం తెలుసు గాని పలకరింపుల్లేవు. నేను ఇస్త్రీ చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని మాట చెప్పేవారు, నేను అర్థం అడిగేదాన్ని. టెయిల్ అంటే ఒకడి వెనకాలే వాడికి తెలియకుండా నడవడం. సోర్స్ అంటే లోపల ఉండి బయటికి కబురు చెప్పేవాడు. లెజెండ్ అంటే లేని మనిషికి పుట్టిన ఊరు, చదివిన బడి, పోయిన తండ్రి, తెగిపోయిన ప్రేమ అన్నీ కల్పించి, నిద్రలో లేపి అడిగినా తడబడకుండా చెప్పగలగడం. “అంటే నిలువెత్తు అబద్ధమేగా?” అన్నాను. “డిపార్ట్‌మెంట్ అబద్ధం. దానికి పాపం లేదు,” అన్నారు. సేఫ్‌హౌస్ అంటే ఎవరికీ తెలియకుండా తలదాచుకునే ఇల్లు అన్నప్పుడు, “ఇల్లంటేనే సేఫ్ కదండీ, ముందు మళ్ళీ సేఫ్ ఎందుకు?” అన్నాను. ప్రతి మాటకీ నవ్వే మనిషి ఆ ఒక్కదానికి నవ్వలేదు. ఆ తర్వాత బర్న్‌డ్ అని చెప్పారు. ముసుగు జారి ఎవరో తెలిసిపోయిన మనిషిని అలా అంటారట. చెప్పి ఊరుకున్నారు, నేను అర్థం విని ఊరుకున్నాను, ఇస్త్రీపెట్టె కదపడం ఇద్దరం మరిచిపోయాం. ఆ చొక్కా కాలర్ మీద గోధుమరంగు మచ్చ ఇప్పటికీ ఉంది. పారేయలేదు.

తలుపు తెరుచుకుంది. ముందు బయటి ఎండ, తర్వాత తలుపుని వెనకెవరికోసమో తెరిచి పట్టుకున్న చెయ్యి. ఆ చేతికి చిటికెన వేలు కొద్దిగా బయటికి వంగి ఉంది, కారు తలుపులో నలిగి అలా అతుక్కున్న వేలు, మా అమ్మాయి ఆ వేలు పట్టుకునే నడక నేర్చింది. నేను వెంటనే తల దించేసి ఒళ్ళోని సంచీ జిప్పు చూడటం మొదలుపెట్టాను. ఆ జిప్పు పళ్ళలో ఒకటి ఊడిపోయింది. ఒకటి ఊడిపోయింది, ఒకటి ఊడిపోయింది అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. భగవంతుడా. ఈ ఊళ్ళోనా? పేరున్న కళ్ళ డాక్టరమ్మ ఇక్కడే ఉందని బస్సెక్కి వచ్చాం గాని మాకీ ఊరితో ఏ సంబంధమూ లేదు. ఆయన ఎక్కడ ఉంటారో నాకు తెలియదు, తెలియకూడదు, నీడ్ టు నో అంటారట దాన్ని, ఎవరికి ఎంత తెలియాలో అంతే. నాకు తెలిసిందల్లా వారానికోసారి వచ్చే ఫోను. “అమ్మా, స్టవ్ రిపేరు వాళ్ళం. మంట బాగా వస్తోందా?” అని అడుగుతుంది ఒక గొంతు. అంటే ఆయన క్షేమం. “స్టవ్ మార్చాల్సి రావచ్చు” అన్నాడంటే కాదు. ఆయన్ని వెనకుండి నడిపించే ఆ మనిషిని హ్యాండ్లర్ అంటారట, నా లెక్కలో మాత్రం స్టవ్ ఆయన. మొన్న కూడా మంట బాగా వస్తోందా అన్నాడు. వస్తోందని చెప్పాను.

“ఇక్కడ కూర్చోండి అన్నా,” అంది బొంగురు గొంతు. ఆయన గొంతు కాదు. ఆయన గొంతులో కొంచెం గంట ఉంటుంది, ఇది గరుకుగా ఉంది, చుట్టలు తాగి తాగి అరిగిపోయిన గొంతు. ఒక్క క్షణం నేను పొరపడ్డానేమో అనుకున్నాను, లోకంలో వంకర వేళ్ళకు కొదవా? ఆ ఆశ ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కట్టుకున్న మనిషి ఎదురుగా వస్తే, ఈయన ఆయన కాకపోతే బాగుండునని దేవుణ్ణి వేడుకున్న ఆడది ఇంకెవరైనా ఉందో లేదో. ఇద్దరూ సరిగ్గా మా ఎదురు కుర్చీల్లో కూర్చున్నారు. నాకు నేల కనిపిస్తోంది, నేలమీద వాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి. ఒక జత నల్లగా మెరిసే బూట్లు. పక్కనే పాత చెప్పులు, వాటిలో ఎడమ పాదం కొద్దిగా లోపలికి తిరిగి ఉంది. కూర్చుంటే ఎడమ పాదం లోపలికి తిప్పడం ఆయనకు చిన్నప్పటి అలవాటు, అత్తయ్య ఎంత కొట్టినా పోలేదట. గొంతు మార్చుకున్నారు, నడక మార్చుకున్నారు, కాస్త కుంటుతూ వచ్చినట్టున్నారు కూడా, పాదం మాత్రం మారలేదు.

అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పేమిటో. గదిలో మాట ఆగిపోయింది. కౌంటర్ దగ్గర అమ్మాయి, టోపీ పెద్దాయన, మూల కూర్చున్న నల్లద్దాల దంపతులు, అందరూ ఆ బూట్లాయన వైపే చూస్తున్నారని నేల చూస్తున్న నాకు కూడా తెలిసిపోయింది. ఎందుకు చూడరు, తెల్ల చొక్కా నిండా ఎర్రటి చారలు, ఎడమ కంటికి మడత పెట్టి అదిమి పట్టుకున్న రుమాలు, రుమాలుకి నెత్తురు. ఇవన్నీ నేను తర్వాత చూశాను. అప్పటికి చూడనిదాన్ని నేనొక్కదాన్నే. ఇదే, సరిగ్గా ఇదే వద్దని ఆయన నాకు నేర్పింది. “దొరికిపోయేది చూసినవాళ్ళు కాదే, చూడనివాళ్ళు. కొత్త మనిషి లోపలికొస్తే లోకమంతా చూస్తుంది. నువ్వూ చూడాలి. స్తంభాన్ని చూసినట్టు చూసి వదిలేయాలి.” బస్టాపులో ఆయన నిలబడేవారు, నేను కూరగాయల సంచీతో నడిచి వెళ్ళేదాన్ని, స్తంభాన్ని చూసినట్టు చూడాలి, అదీ పరీక్ష. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నవ్వు రాకుండా ఉండాలని కోపంగా చూశాను. ఇంటికొచ్చాక తల పట్టుకున్నారు, “అలా కోపంగా చూస్తే పెళ్ళామని ఇంకా తొందరగా తెలిసిపోతుంది!” అని. ఎన్ని సాయంత్రాలు నడిచానో ఆ బస్టాపు ముందు. చివరికి ఒకరోజు ఆయన కళ్ళలోకి చూసి, చూపు మళ్ళించి, ప్రకటన బోర్డు చూసి వెళ్ళిపోయాను, ఏమీ అనిపించలేదు. పాసయ్యానన్నారు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు తలెత్తాలా? ఇంత ఆలస్యంగా ఎత్తితే ఇంకా అనుమానం కదా. ఎత్తకపోతే? స్టవ్ ఆయన ఒకసారి మా ఇంటికొచ్చి, స్టవ్ విప్పి మళ్ళీ బిగిస్తూ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. వెనకటికి ఇలాంటి పనిమీదే ఉన్న ఒకాయన బట్టల దుకాణంలోకి ముఠావాళ్ళతో కలిసి వెళ్ళాడట. లోపల ఆయన కూతురు, అమ్మమ్మతో వచ్చిన పిల్ల, “నాన్నా!” అంటూ పరిగెత్తుకొచ్చి కాళ్ళు వాటేసుకుందట. అంతవరకే చెప్పాడు. స్క్రూ బిగిస్తూ ఉండిపోయాడు. తర్వాత ఏమైందని నేనడగలేదు, అడగకపోవడం వల్ల నాకు అన్నీ తెలిసిపోయాయి. అందుకే మా అమ్మాయిని ఏ దుకాణానికీ తీసుకెళ్ళను. అత్తయ్యకి ఇవేవీ చెప్పలేదు. అత్తయ్యకి రహస్యం చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటేనని కన్నకొడుకే అన్నాడు మరి. ఇప్పుడు ఆ మైకు నా పక్కనే ఉంది. కళ్ళు తెరిస్తే చాలు. మందు వేశారు కాబట్టి మసకగా కనిపిస్తుందంటారు, కానీ కన్నతల్లికి మసక ఒక అడ్డా? దేవుడా, ఆ మందు ఇంకాసేపు పనిచేసేలా చూడు. మనుషులకు చూపునివ్వమని అందరూ నిన్ను అడుగుతారు, నేను ఇవ్వొద్దని అడుగుతున్నాను.

“ఏమ్మా,” అన్నాడు బూట్లాయన. మంచి గొంతు, పెళ్ళిలో బంధువుల్ని పలకరించే గొంతు. “అందరూ నా కన్నే చూస్తున్నారు, మీరొక్కరే నేల చూస్తున్నారు. నేనేమైనా మీకు తెలుసా?”

తలెత్తాను. రుమాలు లేని కన్ను నవ్వుతోంది, నన్ను గోడమీది పలకలా చదువుతోంది, పై వరస, దాని కింది వరస. పక్కన స్తంభం ఉంది. స్తంభానికి గడ్డం పెరిగింది. స్తంభం బుగ్గలు లోపలికి పోయాయి. నేను స్తంభాన్ని చూసి, బల్లమీద పాత పత్రికల్ని చూసి, మళ్ళీ బూట్లాయన్ని చూశాను. జవాబు నా పక్కనుంచి వచ్చింది.

“దాని సంగతి వదిలెయ్ నాయనా,” అంది అత్తయ్య, కళ్ళు మూసుకునే. “నెత్తురు కనిపిస్తే దానికి కళ్ళు తిరుగుతాయి. మా ఇంట్లో ఎవరికైనా వేలు తెగిందంటే ముందు దాని మొహాన నీళ్ళు కొట్టాలి, ఆ తర్వాతే వేలికి కట్టు. నీకేమైంది కంటికి?”

“గాజు పెంకు పెద్దమ్మా. ఎగిరొచ్చి పడింది.”

“అయ్యో! ఎవరి మీద విసిరావు?”

అతను పకపకా నవ్వాడు. గదిలో అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను, నా నవ్వు నాకే రేకుడబ్బా శబ్దంలా వినిపించింది. నవ్వుతూనే ఆలోచిస్తున్నాను. నాకెప్పుడు కళ్ళు తిరిగాయి నెత్తురు చూస్తే? అత్తయ్య కాలికి సీసా గుచ్చుకున్నప్పుడు పెంకు తీసి కట్టుకట్టింది నేనే. కళ్ళు మూసుకున్న మనిషికి ఇక్కడ నెత్తురుందని ఎవరు చెప్పారు? వాసన వచ్చిందేమో. లేక నేనే అమ్మో అన్నానేమో. అత్తయ్య ఏదో వాగుతుంది, అది ఆమె తీరు, అతుకుల బొంత మాటలు. అంతే అయ్యుంటుంది. టోపీ పెద్దాయన మళ్ళీ తుమ్మాడు, “నూరేళ్ళు!” అంది అత్తయ్య. “రెండువందలు దాటాయమ్మా, ఇక చాలు,” అన్నాడు. బూట్లాయన దానికీ నవ్వాడు. ఇలా నవ్వుకుంటూ గంట గడిచిపోతే, పిలిచి లోపలికి పంపిస్తే, మేము ఈ గదిలోంచి బయటపడితే, భగవంతుడా, ఇంకేమీ అడగను. అడుగుతానులే, నాకు తెలుసు, రేపే ఇంకోటి అడుగుతాను.

నర్సు స్పిరిట్ గిన్నె పట్టుకుని మా మధ్య నుంచి వెళ్ళింది. ఆ ఘాటు నా ముక్కుకి తగిలింది. స్పిరిట్ వాసన ఆయనకు పడదు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో ఆయన తుమ్ములు వినే, పాప నాన్నగారు వచ్చారని నర్సులు నాకు చెప్పారు. మూడు తుమ్ములు, ఎప్పుడూ మూడే, రెండు గట్టిగా వెంటవెంటనే, కాసేపాగి మూడోది చిన్నగా, పిల్లి మీద కాలేసినట్టు. ఇంట్లో దానికి అందరం కాచుక్కూర్చునేవాళ్ళం. గొంతు మార్చుకోవడం నేర్పారు, నడక నేర్పారు, కానీ తుమ్ముకి వేషం వేయడం ఏ ఆఫీసరైనా నేర్పాడా? నేను పత్రికల వైపే చూస్తున్నాను. ఓ పత్రిక మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మకి ఎవరో పెన్నుతో మీసాలు గీశారు. ఒక తుమ్ము. అద్దాలు అదిరేంత తుమ్ము. రెండో తుమ్ము.

అత్తయ్య దీవించలేదు.

నా చేతిమీద ఆమె చెయ్యి ఉంది, ఎప్పుడు పెట్టిందో. ఆ వేళ్ళు బిగుసుకున్నాయి. పిల్లికి కూడా నూరేళ్ళిచ్చే మనిషి నోరు విప్పలేదు. గదిలో ఏదో ఒకటి జరగాల్సింది జరగకపోతే వచ్చే నిశ్శబ్దం ఉంటుందే, అది వచ్చింది. నేను ఇందాక చూడకుండా తప్పు చేసినట్టే ఆమె ఇప్పుడు దీవించకుండా తప్పు చేస్తోంది. అను అత్తయ్యా, అను, నూరేళ్ళని అను, ఒక్క మాట, పరాయివాడికి పారేసినట్టు పారేయ్.

“ఏం పెద్దమ్మా,” అన్నాడు బూట్లాయన, “ఆ పెద్దాయనకి అడక్కుండానే ఇచ్చారు. మా డ్రైవర్‌కి లేదా నూరేళ్ళు? పాపం ఏం చేశాడు?”

“మూడోది రానీ నాయనా,” అంది అత్తయ్య. “అన్నిటికీ కలిపి ఒకేసారి ఇద్దామని.”

అనేసింది. మాట నోరు దాటింది. గడియారం ముల్లు కూడా ఆగినట్టయింది నాకు. బూట్లాయన నవ్వు ఆగలేదు గానీ కాస్త పక్కకి ఒరిగింది. “మూడోదా? వాడు రెండే తుమ్మాడు. మూడోది వస్తుందని మీకెవరు చెప్పారు?” అడుగుతూ అతను డ్రైవర్ వైపు తిరిగి చూశాడు. నేనూ చూశాను, అందరూ చూశారు కాబట్టి. ఆయన మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ముక్కు పుటాలు అదురుతున్నాయి. మూడోది వచ్చేస్తోంది. ఆయన దాన్ని పట్టుకుని ఉన్నారు, కళ్ళనిండా నీళ్ళతో, మెడ నరాలతో, ఈ గదిలో పోలీసుకీ చావుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క చిన్న తుమ్ము. బర్న్‌డ్ అన్న మాట నా తలలో ఇస్త్రీపెట్టెలా ఆగిపోయింది, వాసన కూడా వచ్చింది. స్వామీ, ఎన్ని కొండలు ఆపావంటారు, ఎన్ని సముద్రాలు ఆపావంటారు, ఒక్క తుమ్ముని ఆపలేవా?

“తుమ్మంటే మూడు కదా నాయనా,” అంది అత్తయ్య, నిదానంగా, పిల్లలకి కథ చెబుతున్నట్టు. “ఒకటి జలుబుకి. ఒకటి దుమ్ముకి. మూడోది ఎవరో మనల్ని తలుచుకుంటున్నందుకు. అందుకే ఆగాను. రాలేదంటే మీ డ్రైవర్‌ని తలుచుకునేవాళ్ళు ఎవరూ లేనట్టుంది, పాపం.”

బూట్లాయన డ్రైవర్ భుజం మీద చరిచాడు. “విన్నావా? నీకెవరూ లేరట!”

“లేరన్నా,” అంది బొంగురు గొంతు. “నిజమే. ఎవరూ లేరు.”

ఆ మాట అనడానికే ఎన్ని నెలలు కంఠతా పట్టారో, లెజెండ్‌లో మొదటి వాక్యం అదే అయ్యుంటుంది. పట్టుకున్న తుమ్ము వెనక్కి పోయింది. నాకు ఊపిరి వచ్చింది, వచ్చి, ఆ మాట తగిలి మళ్ళీ ఆగింది.

“అలా అనకు బాబూ, నూరేళ్ళు నీకు,” అంది అత్తయ్య. బాబూ అంది. ఎప్పుడూ ఒరేయ్ అనే మనిషి.

“మీకు కొడుకులు లేరా పెద్దమ్మా? కళ్ళ డాక్టరు దగ్గరికి ఆడవాళ్ళే వచ్చారు?” బూట్లాయనకి కాలక్షేపం కావాలి కాబోలు, లేక ఇంకేదైనా కావాలేమో, అతని కన్ను అత్తయ్య మీంచి కదలడం లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. ఈ ప్రశ్నకి అత్తయ్య జవాబు మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు. మా వాడు పోలీసండీ. ఊరికే పోలీసు కాదు.

“ఉన్నాడు నాయనా, ఒక్కడు,” అంది. “లిఫ్టులు బాగుచేస్తాడు. పెద్ద పెద్ద మేడల్లో. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరగడమే సరిపోతుంది, ఇక తల్లిని చూడటానికి తీరికెక్కడిది? మొన్న అడిగాను, ఒరేయ్, అంత ఎత్తు ఎక్కుతావు కదా, అక్కణ్నుంచి మన ఇల్లు కనబడుతుందా అని. లిఫ్టుకి కిటికీలుండవమ్మా అన్నాడు.”

ఎవరు నేర్పారు ఈమెకి? ఏ ఆఫీసరు వచ్చి, ఏ ఇంగ్లీషులో? కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక లేని కొడుకుని కన్నది, వాడి చేతికి స్పానర్ ఇచ్చింది, వాడితో మాట్లాడింది కూడా. పోలీసు కొడుకంటే ప్రాణం పెట్టే మనిషి ఆ కొడుకు ఎదుటే పోలీసుని తుడిచేసింది. అప్పుడు నాకు ఇంకోటి గుర్తొచ్చింది. టోపీ పెద్దాయన. ఇందాక డ్యామ్ కథంతా విన్న మనిషి. ఆయన తల మా వైపు తిరిగింది, మందు వేయని కంటితో అత్తయ్యని చూశాడు, నన్ను చూశాడు, నా ఒళ్ళో నలిగిపోతున్న సంచీని చూశాడు. ఇందాక పోలీసన్నారు కదమ్మా అని ఒక్క మాట చాలు. మంచివాళ్ళే అంటారు అలాంటి మాటలు, చెడ్డవాళ్ళకి అంత శ్రద్ధ ఉండదు. ఆయన నోరు తెరిచాడు.

“లిఫ్టు పని మంచిదేనమ్మా,” అన్నాడు. “నీడపట్టున ఉంటాడు. ఇందాక చెప్పారుగా, కుర్రాడికి ఎండ పడదని.” టోపీని కనుబొమల మీదికి లాక్కుని గోడకి తల ఆనించాడు.

ఇందాక అలా ఎవరూ చెప్పలేదు. ఆయనకేం తెలుసు? ఎవరికోసం అన్నాడు? నేను రోజూ దేవుడి ముందు కూర్చునే మనిషిని. అబద్ధం ఆడకూడదని మా అమ్మాయికి నేనే నేర్పాను. కొడుకు తల్లికి డ్యామ్ కట్టాడు, తల్లి కొడుక్కి లిఫ్టు కట్టింది, దారినపోయే పెద్దాయన దానికి నీడ కట్టాడు, ఎవరి అబద్ధానికి ఎంత పాపమో నువ్వెలా లెక్కకడతావు స్వామీ? అయినా నిన్నడగడమేమిటి. పుట్టిన ఊరు చెప్పవు, మొహం చూపించవు, పక్కనే కూర్చుని ఉన్నా నేనేనని ఒప్పుకోవు. నీకంటే అండర్‌కవర్ ఎవరున్నారు? ఆ ఉన్ని టోపీ కింద ఉన్నది నువ్వు కాదని నాకేమిటి నమ్మకం?

మా టోకెన్ పిలిచారు. అత్తయ్యని లేపి నడిపించాను. ఎదురు కుర్చీల దగ్గర దారి ఇరుకు, చెప్పులు వేసుకున్న ఎడమ పాదానికి ఆమె కాలు తగిలింది. “కాళ్ళు తీసుకో బాబూ,” అంది. పాదం వెనక్కి వెళ్ళింది, తిన్నగా, లోపలికి తిరగకుండా. అప్పటిదాకా ఎవరూ సరిచేయలేకపోయిన పాదం.

లోపల డాక్టరమ్మ అత్తయ్య గడ్డాన్ని యంత్రం మీద పెట్టించి దీపం వేసి చూసింది. చూసి వెనక్కి వాలింది. “ఏంటి పెద్దమ్మా ఇది? పాప అసలు విచ్చుకోలేదు. మందంతా కారిపోయింది. ఏడ్చారా?”

“మందు మంటగా ఉందమ్మా.”

“అంత మంట ఉండదే ఈ మందుకి.”

“నాది పాత కన్ను. దానికుంటుంది.”

మూసిన రెప్పల కింద నుంచి బుగ్గల మీదుగా చీర అంచుదాకా రెండు తడి చారలు. నేను పక్కనే ఉండి చూడలేదు, స్తంభాల్ని చూడటంలోనే పడిపోయాను. కళ్ళు మూసుకుని, నవ్విస్తూ, తుమ్ములు లెక్కపెడుతూ, మేడలకి లిఫ్టులు కడుతూ, అంతసేపూ ఏడ్చింది. డాక్టరమ్మ నర్సుని పిలిచింది. “మళ్ళీ వేసి బయట కూర్చోబెట్టు. ఇంకో గంట పడుతుంది.” ఇంకో గంట. ఆ గదిలో. రేపు వస్తాం డాక్టరుగారూ, ఇంకెప్పుడైనా వస్తాం అందామని నోరు తెరిచాను.

“వెయ్యమ్మా, బాగా వెయ్యి,” అంది అత్తయ్య నర్సుతో. “ఇంకో గంటేగా. కూర్చుంటాం.”

బయటికొచ్చాం. ఈసారి తలెత్తే వచ్చాను. టోపీ పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది. బూట్లాయన కూడా లేడు, పక్క గదిలో కన్ను కడుగుతున్నారు, సగం తెరిచిన తలుపులోంచి అతని గొంతు నర్సు మీద జోకులేస్తూ వినిపిస్తోంది. వినిపిస్తోందంటే అతనికీ వినిపిస్తుంది. ఎదురు కుర్చీలో డ్రైవర్ ఒక్కడే, తాళాల గుత్తి గుప్పిట్లో పట్టుకుని. కొత్తగా గదిలోకి వచ్చినవాళ్ళని లోకమంతా చూస్తుంది, ఆయనా మమ్మల్ని చూశారు. నేనూ చూశాను. గడ్డం, బుగ్గలు, కాలర్ దగ్గర ఊడిపోయిన గుండీ. చూసి వదిలేశాను. ఇద్దరం పాసయ్యాం. కౌంటర్ అమ్మాయి ఏదో రాసుకుంటోంది. అత్తయ్య కూర్చుంది, కళ్ళు మూసుకుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అంత మాటకారి ఒక్క మాట కూడా మాట్లాడకుండా అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ ఏమీ అనలేని ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. స్పిరిట్ వాసన ఎప్పుడో పోయింది.

అప్పుడు ఎదురు కుర్చీ నుంచి ఒక తుమ్ము. చిన్నది, పిల్లి మీద కాలేసినట్టు.

అది దొంగ తుమ్ము. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా. కన్నావిడకి తెలియదా. దాని పాపం ఎవరి ఖాతాలో వేస్తాడో ఆ పైవాడు, వేసుకోనీ. అత్తయ్య రెప్పలు గట్టిగా బిగించింది, ఈసారి మందు కారిపోకుండా.

“నూరేళ్ళు,” అంది.